అందరి రెజ్యూమేల్లో నా లైను

తార్నాక చౌరస్తా దాటి లోపలి గల్లీలోకి తిరిగితే ఒక డీటీపీ షాపు ఉంది. రెజ్యూమేలు, ప్రాజెక్టు రిపోర్టులు, పెళ్లి కార్డులు అన్నీ అక్కడే కొట్టిస్తారు. షాపాయన క్యాంపస్ పిల్లలందరికీ అన్నే. ఎం.ఏ. ఆఖరి సెమిస్టరులో ఒక సాయంత్రం నేను చేత్తో రాసుకున్న కాగితం పట్టుకుని ఆయన ముందు కూర్చున్నాను. అందులో నా పేరు, చదువు, మార్కులు ఉన్నాయి. కింద "హాబీలు: పాటలు వినడం" అని ఉంది. అంతకుమించి ఏమీ లేదు.

ఆయన ఆ కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. వెనక ఏముంటుంది, తెల్లగా ఉంది.

"గిన్నేండ్లు ఏం చేసినవ్ చెల్లె?"

నాకు ఒళ్లు మండింది. "చదువుకున్న అన్నా. ఇంకేం జేస్తరు?"

"చదువు అందరు చదువుతరు. నువ్వేం సాధించినవ్? గీడ అచీవ్‌మెంట్స్ అని ఒక హెడ్డింగ్ ఉంటది. దాని కింద ఏం పెట్టాలె?"

ఏం పెట్టాలో నాకు నిజంగానే తోచలేదు. మా ఇంట్లో సాధించామని చెప్పుకునే అలవాటే లేదు. పత్తి విరగకాసిన ఏడు కూడా ఎవరైనా అడిగితే మా నాయన "ఏదో వచ్చింది తియ్" అనేవాడు. బాగా వచ్చిందంటే దిష్టి తగులుతుందని భయం. నాకు పదో తరగతిలో మంచి మార్కులొస్తే మా అమ్మ పక్కింటామెతో "పాసయింది" అని మాత్రమే చెప్పింది. అలా పెరిగినదాన్ని కూర్చోబెట్టి, నీ గొప్ప నువ్వే చెప్పు, అదీ గట్టిగా చెప్పు అంటే ఎక్కడినుంచి తెచ్చేది?

కానీ తేవాలి. డిపార్టుమెంటుకు ఒక సంస్థ వస్తోంది. ఆడపిల్లలకు పని నేర్పే శిక్షణ కేంద్రం నడుపుతారట, చూసుకోవడానికి ఒక మనిషి కావాలట. పరీక్షలు కాగానే హాస్టల్ గది ఖాళీ చేయాలి. "ఏదన్న దొరికితె ఉండు బిడ్డా, లేకుంటె వచ్చెయ్" అని నాయన ఫోన్లో నెమ్మదిగానే అన్నాడు. ఊరికి పోవడం నాకేం శిక్ష కాదు. అయితే ఒకసారి మూట కట్టుకుని పోతే మళ్లీ ఈ నగరం మొహం చూడనని నాకు తెలుసు. ఆ భయంతో రెండు రోజులుగా అన్నం సరిగ్గా సయించడం లేదు.

"ఏదన్న ఒకటి యాది చేసుకో. ఎన్‌ఎస్‌ఎస్సో, ఆటలో, ఏదో ఒకటి," అన్నాడు అన్న.

చాలాసేపు గుంజాటన పడి ఆఖరికి చెప్పాను. "పోయిన ఎండకాలం హాస్టల్ల మోటర్ కాలి నీళ్లు బందయినయ్ అన్నా. అప్పుడు రోడ్డు మీద కూసున్నం. ట్యాంకరు పంపిండ్రు."

ఆయన కళ్లు వెలిగాయి. కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. "ఎవరు కూసున్నరు?"

"అందరం."

"అందరం అంటె నడ్వదు. ముందు ఎవరు కూసున్నరు?"

"నేనే. గానీ..."

"అగో, లీడర్‌షిప్! ఎంతమంది ఉంటరు?"

"ఎవరు లెక్క వెట్టిండ్రు? హాస్టలంత."

"మూడు వందలు వెడుతున్న. నెంబర్ లేకుంటె ఎవ్వరు సదవరు. నీళ్లెప్పుడొచ్చినయ్?"

"పొద్దుగూకేవరకు వచ్చినయ్."

"విదిన్ సిక్స్ అవర్స్," అని ఆయనే గొణుక్కుంటూ టకటకా కొట్టాడు. అంతా ఇంగ్లీషే. తెలుగులో చెప్పాలంటే ఇదీ ఆ లైను: హాస్టల్ నీటి సంక్షోభంలో మూడు వందల మంది విద్యార్థినులకు నాయకత్వం వహించి ఆరు గంటల్లో సమస్యను పరిష్కరించాను.

నా "గానీ" తర్వాత ఏముందో ఆయన అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదు. ఆ రోజు సంగతి పూర్తిగా చెప్పుకునేది కాదు.

ప్రింటు పట్టుకుని క్యాంపస్‌లోకి నడుస్తూ ఆ లైనునే మళ్లీ మళ్లీ చదివాను. ఎవరీమె? నాకైతే తెలియదు. మనిషి మాత్రం గట్టిదే. ఆర్ట్స్ కాలేజీ దగ్గరికి వచ్చేసరికి ఆమె నాకు నచ్చింది. హాస్టల్ చేరేసరికి ఆమె నేనే అయిపోయాను. ఆ రాత్రి మెస్సులో పప్పు నీళ్లలా ఉందని గంటె పట్టుకుని మరీ కొట్లాడాను. మామూలుగా అయితే మూతి ముడుచుకుని తినేసేదాన్ని.

నా రూమ్మేటుది వరంగల్ వైపు పల్లెటూరు. ఆదివారం పొద్దున్నే చర్చికి పోయి, వచ్చేటప్పుడు నాకు ఇడ్లీ పట్టుకొచ్చే మనిషి. ఆమె నా ప్రింటు చూసి, "ఏమే, గింత మంచిగ కొట్టించినవ్! ఫార్మాట్ కోసం సాఫ్ట్ కాపీ పెట్టవా?" అంది. పెట్టాను. మా హాస్టల్లో ఇది మామూలే. నోట్సు, ఇస్త్రీపెట్టె, ఇంటినుంచి వచ్చిన పచ్చడి, ఏదీ ఒక్కరి దగ్గర ఆగదు. నా ఫైలు ఆగుతుందని నేనెందుకు అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. ఆమె దాన్ని హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పడేసింది. పైన "ఫార్మాట్" అని మాత్రం రాసింది, పాపం.

ఇంటర్వ్యూ రోజు డిపార్టుమెంటు సెమినార్ హాల్లో అందరం కూర్చున్నాం. సంస్థ నుంచి ఒక్క మేడమే వచ్చారు. యాభై దాటి ఉంటాయి, నేత చీర, ముక్కు చివర కళ్లజోడు. రెజ్యూమేలు ఒక్కొక్కటే తిప్పుతూ పోతున్నారు. ఒకచోట ఆగారు. వెనక్కి పోయి ఒకటి తీశారు. మళ్లీ ముందుకొచ్చి ఇంకొకటి తీశారు. తర్వాత ఆరుగురి పేర్లు పిలిచి ముందుకు రమ్మన్నారు. అందులో నేనున్నాను, నా రూమ్మేటుంది, మా హాస్టలు వాళ్లే ఇంకో నలుగురున్నారు.

"మీ హాస్టల్లో నీళ్ల సమస్య ఒక్కసారే వచ్చిందా, ఆరుసార్లు వచ్చిందా?" అన్నారు మేడం.

ఆరు కాగితాలూ బల్ల మీద వరసగా పరిచారు.

"ఆరుగురు లీడర్లు. అందరి వెనకా మూడు వందల మంది. అందరూ ఆరు గంటల్లోనే పరిష్కరించారు. నాకేం అర్థం కావట్లేదమ్మా. మీరు వరండాలోకి వెళ్లి మీలో మీరు తేల్చుకోండి. నిజంగా నడిపించిన అమ్మాయి ఒక్కతే లోపలికి రావాలి. మిగతావాళ్ల కాగితాలు నేను చూడను."

వరండాలోకి రాగానే నేను విరుచుకుపడ్డాను. "సిగ్గున్నదా మీకు? పేరు మార్చి, ఫోన్ నెంబర్ మార్చి, కింద నా లైను అట్లనే ఉంచుతరా? ఫార్మాట్ అంటె గీతలు, అక్షరాల సైజు! లోపట సరుకు గూడ ఎత్తుకపోతరా ఎవరన్న?"

"నీ లైను ఎట్లయితది?" అంది పొడుగు జడ అమ్మాయి. "నేను గూడ కూసున్న ఆడ. ఆ ఎండకు నా కాళ్లు బొబ్బలెక్కినయ్."

"వార్డెన్ మేడంకు ఫోన్ చేసింది నేను," అంది ఇంకొకామె.

"బకెట్లు కొట్టుడు మొదలువెట్టింది నేనే గద!" అంది నా రూమ్మేటు.

"యూనివర్సిటీ పెద్ద సారు కారుకు అడ్డం నిలవడ్డది నేను. ఆయన దిగకుంటె ట్యాంకరు వచ్చునా?"

కళ్లజోడు పెట్టుకున్న చిన్నపిల్లలాంటి ఒకామె మాత్రం గోడకానుకుని, "నేనేం చెయ్యలె. గ్లూకోజ్ నీళ్లు తెచ్చిచ్చిన, గంతే. లైను మంచిగున్నదని ఉంచిన," అంది. ఆ గ్లూకోజ్ నీళ్లు లేకపోతే మాలో సగం మందిమి మధ్యాహ్నానికే లేచిపోయేవాళ్లం.

నా కోపానికి కాళ్లు విరిగిపోయాయి. వీళ్లు చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. మరి ఇన్నాళ్లూ నేను నాయకత్వం అనుకున్నది ఏది? దొంగతనం చేసింది వీళ్లా, నేనా, ఆ డీటీపీ అన్నా? ఏం తోచక, ఉన్న ఒక్క ఆధారాన్నీ పట్టుకున్నాను.

"సరే. మరి అందరికంటె ముందుగాల పోయి రోడ్డు మీద కూసున్నదెవరు? చెప్పుండ్రి."

నా రూమ్మేటు ఫక్కున నవ్వింది. నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. మిగతావాళ్లూ మొదలుపెట్టారు.

"నెత్తి మీద నురగతోని," అంది రూమ్మేటు, నవ్వు మధ్యలో.

ఎవరికీ గుర్తులేదనుకుని ఏడాదిగా నిశ్చింతగా ఉన్నాను. అందరికీ గుర్తుంది. ఆ రోజు నేను తలస్నానం చేస్తున్నాను. షాంపూ రుద్దుకున్నాక నీళ్లు ఆగిపోయాయి. పిలిచాను, అరిచాను, తలుపు బాదాను. కళ్లు మంటలు. మర్నాడు పరీక్ష. కడుక్కుందామంటే బకెట్లో చుక్క లేదు. నాకు పిచ్చి కోపం వచ్చింది. నైటీ మీద తువ్వాలు కప్పుకుని, ఖాళీ బకెట్టు పట్టుకుని, గేటు దాటి పోయి రోడ్డు మధ్యలో కూలబడ్డాను. ఏ పోరాటమూ నా బుర్రలో లేదు. భోరున ఏడుస్తున్నాను, అంతే. కాసేపటికి వెనక చెప్పుల చప్పుడైంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి పక్కన కూర్చున్నారు. నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని వచ్చారని నేననుకున్నాను. ఆ నమ్మకంతోనే అన్న కొట్టిన లైనుకు తలూపాను.

"మేం నీ వెనుక ధర్నా చేద్దామని రాలే," అంది రూమ్మేటు కళ్లు తుడుచుకుంటూ. "నిన్ను లోపల్కి గుంజుకొద్దామని వచ్చినం. నైటీ మీద రోడ్డు మీద కూసుంటివి, అటుపోయే బస్సులోళ్లంత చూడవట్టిరి. మాకు పానం పోయినట్టయింది. నేను చెయ్యి వట్టి లేపితె నువ్వు లేస్తివా? నువ్వే నన్ను గుంజినవ్. నేను కూలవడ్డ. నన్ను లేపనీకె ఈమె వచ్చె. ఈమెను గూడ గుంజినవ్. ఇగ అట్లనే."

నాయకత్వం అనుకున్నది పోయింది. దాని స్థానంలో వచ్చినదానికి ఏం పేరు పెట్టాలో తెలియలేదు.

"అయితే ఎవరం పోవాలె లోపల్కి?" అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

"ఇంకెవరు? నువ్వే పో," అంది పొడుగు జడ అమ్మాయి. ఇందాక నాతో అందరికంటే గట్టిగా కొట్లాడింది ఈమే. "నువ్వు పోయి కూసోకపోతె మేమందరం రూముల్లనే తిట్టుకుంట ఉండెటోళ్లం."

"మరి మీరు?"

"మాకు ఇంకోటి వస్తది తియ్. మీ నాయన ఫోన్ల ఏమన్నడో ఫ్లోరంత విన్నది. నువ్వు ఫోన్ల మాట్లాడితె మైకు అక్కరలేదు."

నాకు ఏడుపు ఆగలేదు. రూమ్మేటు చున్నీ కొంగుతో నా మొహం గట్టిగా తుడిచింది. "ఇప్పుడు నురగ గూడ లేదు. ఎందుకు ఏడుస్తవే? పో," అని వీపు మీద ఒకటి వేసి తోసింది.

మేడం కుర్చీ చూపించారు. "ఐతే నువ్వే లీడర్‌వన్నమాట."

"తెలియదు మేడం," అన్నాను. దాచి ఏం లాభమని మొత్తం చెప్పేశాను. షాంపూ, నైటీ, బకెట్టు, బస్సులవాళ్లు, గ్లూకోజ్ నీళ్లు, అన్నీ. ఆవిడ మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేసి విన్నారు. విన్నాక నా రెజ్యూమే, ఒక పెన్ను నా ముందుకు జరిపారు.

"ఆ లైను కొట్టేసి మళ్లీ రాయి. జరిగింది జరిగినట్టు. రెండు వాక్యాల్లో రావాలి."

కొట్టేశాను. చాలాసేపు పట్టింది. ఏ మాట రాసినా ఎక్కువో తక్కువో అవుతోంది. ఆఖరికి ఇలా రాశాను: నెత్తి మీద నురగతో రోడ్డు మీద కూర్చుని ఏడ్చాను. నన్ను లోపలికి తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు నా పక్కన కూర్చున్నారు, సాయంత్రానికి నీళ్లొచ్చాయి.

మేడం కళ్లజోడు పైకి తోసుకుని చదివారు. "నురగ సంగతి ఎందుకు ఉంచావు? అది లేకుండా కూడా బాగానే ఉంటుందిగా?"

"అది తీసేస్తే వాళ్లు ఎందుకొచ్చారో అర్థం కాదు మేడం."

ఆవిడ కాగితాన్ని విడిగా పక్కన పెట్టుకుని, వెళ్లమన్నారు.

ఆ ఉద్యోగం నాకే వచ్చింది. ఆ కబురు చాలా రోజుల తర్వాత తెలిసింది. ఇప్పుడు తార్నాకలో ఒక మూడో అంతస్తు గదిలో రూమ్మేటూ నేనూ ఉంటున్నాం, ఆమెకూ వేరేచోట పని దొరికింది. డీటీపీ అన్న మాత్రం ఆ రెండు వాక్యాలు చూసి, "గిట్ల రాస్తె ఎవడిస్తడు చెల్లె జాబు?" అని ఇప్పటికీ అడుగుతాడు. నాకూ సరిగ్గా తెలియదనే చెప్తాను.

కానీ ఆ రోజు, హాల్లోంచి బయటికొచ్చేసరికి నాకు ఏ సంగతీ తెలియదు. బుర్ర గజిబిజిగా ఉంది. వాళ్లు వెళ్లిపోయి ఉంటారనుకున్నాను. వాళ్ల కాగితాలు ఎలాగూ చూడరు, ఉండి చేసేదేముంది? ఐదుగురూ అక్కడే ఉన్నారు. వరండాలో నేల మీద, గోడకు వరసగా ఆనుకుని, ఇంటర్వ్యూ కోసం ఇస్త్రీ చేసుకున్న బట్టలతోనే కూర్చున్నారు.

"ఏమన్నది?" అంది రూమ్మేటు.

"ఏమనలే. లే, పోదాం," అని చెయ్యి అందించాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. లేవలేదు. ఒక్క గుంజు గుంజింది. నేను వెళ్లి వాళ్ల పక్కన కూలబడ్డాను.