రైలు వచ్చేదాకా హాజరు

మా సరోజత్త స్టీలు క్యారియరు మూత ఇప్పుడు తీసినా మామిడికాయ ఊరగాయ వాసనే. ఎన్నిసార్లు తోమినా పోని ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను మళ్లీ ఎనిమిదేళ్ల పిల్లనై టేకల్‌లో పొద్దున్నే రైలెక్కి, కిటికీ పక్కన అత్త పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కేజీఎఫ్‌కు పోతుంటాను. బడికి సెలవులిస్తే నన్ను తన ఆడపిల్లల కాలేజీకి వెంటబెట్టుకుపోయేది.

బంగారు గనుల దొరలు ఖాళీ చేసిన పెంకుల బంగళా అది. వరండాలో గంటకు బదులు రైలుపట్టా ముక్క వేలాడేది. వానొస్తే కారే గదుల్లో బెంచీలు జరుపుకుంటూ, గని కార్మికుల కూతుళ్లు అరవంలో, పట్టుపురుగులు మేపే ఇళ్ల పిల్లలు తెలుగులో, గుమాస్తాల పిల్లలు కన్నడంలో పోట్లాడుకుని, మధ్యాహ్నం ఒకరి డబ్బాలో ఒకరు చెయ్యిపెట్టి తినేవాళ్లు. నాకు అందరి డబ్బాల్లోనూ వాటా ఉండేది. మేమెక్కే మారికుప్పం రైలు వచ్చేదాకా హాజరు పిలవకపోవడం అక్కడి ఆనవాయితీ.

ఆ ఏడు కొత్తగా వచ్చిన లెక్చరరు గడియారం చూసి పిలవడం మొదలుపెట్టాడు. అత్తకు హాజరు తగ్గింది. ఇంకొక్క రోజు తప్పితే పరీక్షకు కూర్చోనివ్వరు. కూర్చోనివ్వకపోతే చదువు చాలించి పట్టుపురుగులు చూసుకోమని తాత తేల్చేశాడు. సరిగ్గా మర్నాడే రైలు బంగారుపేటలో కదలనని కూర్చుంది. మేం రొప్పుతూ తరగతి గుమ్మం చేరేసరికి ఆయన చివరి పేరు పిలుస్తున్నాడు. మొదటి పేరు నుంచీ ఒక్కరూ పలకలేదట. ఎందుకని గద్దిస్తే, ముందు బెంచీలోని గని కార్మికుడి కూతురు సెల్వి లేచింది.

"రైలు వచ్చేదాంకా మేమూ రాలేదు సార్."

అందరికీ గైర్హాజరు వేస్తానన్నాడు. వేసుకోమన్నట్టు కూర్చున్నారు. గదినిండా ఆడపిల్లలుంటే ఎవరూ లేరని రాయడానికి ఆయనకు చెయ్యి రాక, మళ్లీ మొదటినుంచి పిలిచాడు. తన పేరు రాగానే అత్త పలికిన గొంతు వరండా అవతలికి వినిపించింది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే.

టీచరుగా రిటైరైన అత్తా నేనూ మొన్న అక్కడికి పోయాం. గనులు మూతబడ్డాయి, మా కాలేజీని ఇంకోదానిలో కలిపేశారు, పెంకులూ పట్టా ముక్కా లేవు, బోర్డు మీద సున్నం కొట్టేశారు. గేటు దగ్గర మనిషి వచ్చేపోయేవాళ్ల పుస్తకం మూసేస్తూ, "ఆడపిల్లోళ్ల కాలేజీ ఇంగ యాడుండాదమ్మా, దానికి ఎవురూ రారు" అన్నాడు. ఎవరినడిగి చెరిపారని నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మాత్రం క్యారియరు పక్కన పెట్టి, కొంగుతో మెట్టు దులుపుకుని కూర్చుంది.

"మేము వచ్చినాము కదప్పా. రాసుకో."