ఫోన్ బూత్‌ల మీదుగా లిమ్ చు కాంగ్

మహాసాహసం ఒకటి చెప్పబోతున్నాను. దట్టమైన అడవి, నిర్మానుష్యమైన రహదారి, ద్వీపం చివర సముద్రం, ఆ సముద్రం కోసం నెలల తరబడి తపించిన ఒక యువకుడు.

ఒప్పుకోవాల్సింది ముందే ఒప్పుకుంటాను. అడవికి కంచె ఉంది, రహదారి మీద సిటీ బస్సు తిరుగుతుంది, ఆ ద్వీపాన్ని బద్ధకస్తుడు కూడా ఒక పూటలో దాటేస్తాడు, యువకుడిని నేనే. తపించిన మాట మాత్రం నిజం. చాలా వరకు కోపంతో.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక కూలబడతాయని ప్రపంచం వణుకుతున్న రోజులవి. ఆ వణుకు పుణ్యమా అని నాలాంటి ప్రోగ్రామర్లను విమానాల్లో నింపి సింగపూర్‌కు తెచ్చారు. టోవా పాయోలో ఒక ఫ్లాట్‌లో నేనూ, మా టీమ్‌లోనే పనిచేసే ఒక హైదరాబాదీ మిత్రుడూ ఉండేవాళ్లం. టీమ్ మొత్తానికి పెళ్లికానివాళ్లం మేమిద్దరమే. అది నేరమని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

టీమ్‌కు ఒక పేజర్ ఉండేది. నడుముకు తగిలించుకుంటే పెద్ద డాక్టర్‌లా కనిపిస్తాం, మోగితే కుక్కపిల్లలా పరిగెడతాం. క్లయింట్ కంప్యూటర్ సిస్టమ్ పడిపోతే అది మోగుతుంది, మోగిన పావుగంటలో అందులో కనిపించే నంబరుకు ఫోన్ చెయ్యాలి. ఆదివారం దాన్ని ఎవరు మొయ్యాలన్న చర్చే ఎప్పుడూ రాలేదు. మిగతావాళ్లకు భార్యాబిడ్డలు, గుడి, లిటిల్ ఇండియాలో వారానికి సరిపడా కూరగాయలు. నా హైదరాబాదీ మిత్రుడు కొత్తవాడు, సిస్టమ్ ఇంకా తెలియదు. మిగిలింది నేను.

మా టీమ్ లీడ్ గుంటూరు వైపాయన. ఆఫీసులో సర్ అనాలి, ఇంటికెళితే అన్నయ్యా అనాలి. సెలవు అడిగితే ఆయన సర్ అయిపోయేవాడు, పని చెప్పాల్సొస్తే అన్నయ్య అయిపోయేవాడు.

"పెళ్లా పెటాకులా, ఆదివారం నీకేం పనుంటుందిరా అబ్బాయ్?" అనేవాడు.

పని లేకపోతేనే కదా ఆదివారం అని నాకు జవాబు తట్టేది. కాకపోతే సోమవారం తట్టేది. తట్టినా అనేవాణ్ణి కాదు. నా వీసా ఆ కంపెనీ పేరు మీద ఉంది.

నా దగ్గర ఒక పాత సైకిల్ ఉండేది. ఆదివారం పొద్దున్నే ఇంట్లో పేజర్ మొహం చూస్తూ కూర్చోలేక, దాన్ని నడుముకు పెట్టుకునే సైకిలెక్కేవాణ్ణి. అయితే ఎక్కడ మోగినా పావుగంటలో ఫోన్ దొరకాలి. అందుకని నేను గీసుకున్న దారి ఫోన్ బూత్‌ల దారి. ఎగువ థామ్సన్ రోడ్డు పెట్రోల్ బంకు దగ్గర ఒకటి. అక్కణ్ణుంచి మండాయ్ రోడ్డు, ఇరువైపులా చెట్లు కమ్ముకొచ్చి పొద్దున్నే చల్లగా ఉంటుంది. కోతులు రోడ్డు పక్కన కూర్చుని మనల్ని తనిఖీ చేస్తాయి. అది దాటాక బస్టాపు దగ్గర ఇంకొకటి. తర్వాత క్రాంజీ, ఆ పైన తోటలు, కోళ్ల ఫారాలు, కప్పల్ని పెంచే చెరువులు. అక్కడొక కూరగాయల కొట్టు, దాని పక్కన ఆఖరి బూత్. ఆ తర్వాత లిమ్ చు కాంగ్ రోడ్డు తిన్నగా సముద్రం దాకా పోతుందని మ్యాపులో ఉంది. నాకు మ్యాపులో మాత్రమే ఉంది. ప్రతి ఆదివారం కబడ్డీలో గీత తాకినట్టు ఆ బూత్‌ను తాకి వెనక్కి తిరిగేవాణ్ణి. ఎనిమిది నెలలు తాకాను.

చివరికి ఒకరోజు ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఆయన్ను పట్టుకున్నాను.

"సర్, వచ్చే ఆదివారం ఒక్కరోజు పేజర్ మీరు ఉంచుకుంటారా?"

"ఏరా, పెళ్లిచూపులా?"

"కాదు సర్. సైకిల్ మీద లిమ్ చు కాంగ్ చివరిదాకా వెళ్లాలి. తోటలున్న వైపు. అక్కడ ఫోన్ లేదు."

"సైకిలా!" ఆయన అక్కడున్న అందర్నీ చూసి నవ్వాడు. "మేం తొక్కలేక చచ్చి, చదువుకుని ఇక్కడికొచ్చాం. నువ్వు ఇక్కడికొచ్చి తొక్కుతున్నావా? సర్లే, పో. పేజర్ సంగతి నేను చూసుకుంటా."

శనివారం నేను పేజర్ ఆయన బల్ల మీద పెట్టి ఇంటికొచ్చాను. ఆ రాత్రి బొజ్జ నిండిన పసిపిల్లాడిలా నిద్రపోయాను.

ఆదివారం హైదరాబాదీ కూడా బయల్దేరాడు. కింది అంతస్తు ఆంటీని అడిగి సైకిల్ తెచ్చుకున్నాడు. లేడీస్ సైకిల్, ముందు బుట్ట.

"ఇంట్ల కూసొని ఏం జేస్త భయ్, నేను గూడ వస్త" అని శుక్రవారమే ఆఫీసులో అన్నాడు.

మండాయ్ అడవిలో వాడు కోతులకు సలాం కొట్టాడు. తోటల దగ్గర ముక్కు మూసుకున్నాడు. ఆఖరి బూత్ వచ్చింది. నేను తాకలేదు, కనీసం దాని వైపు చూడలేదు. దాటేశాను. ఆ క్షణంలో గాల్లో తేలిపోయానని రాయాలనుంది గానీ పిక్కలు పట్టేశాయి. అయినా నవ్వు ఆగలేదు. రోడ్డు పక్కన ఇది సైన్యం స్థలం, లోపలికి రావొద్దంటూ తుపాకీ గురిపెట్టిన సైనికుడి బొమ్మతో ఎర్ర బోర్డు కనిపిస్తే దానికి కూడా నవ్వాను.

అప్పుడు బుట్టలోంచి మోత.

నేను బ్రేకు వేశాను. వాడు వెయ్యలేదు, నా వెనక చక్రానికి గుద్దుకుని ఆగాడు.

"అది నీ దగ్గరెందుకుందిరా?"

"నిన్న సార్ ఇచ్చిండు. 'వాడితోనే పోతున్నవ్ గద, ఉంచుకో, మోగితే వానికియ్యి' అన్నడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ మూడ్ ఖరాబ్ అయితదని."

"ఇప్పుడు బాగుందా?"

"ఇప్పుడు తప్పలే గద భయ్," అని పేజర్ చూసి, "సార్ ఇంటి నంబర్" అన్నాడు.

వెనక్కి తొక్కాం. సైకిల్‌ను రోడ్డు మీదే పడేసి బూత్‌లో నాణెం వేశాను. అటువైపు ఆయనే ఎత్తాడు.

"సర్, సిస్టమ్ పడిందా?"

"ఏ సిస్టమ్రా? ఓ, నువ్వా! మీ వదిన పేజ్ కొట్టమంది. అటువైపు తోటలున్నాయన్నావుగా, కరివేపాకు దొరికితే ఒక కట్ట పట్రా. లిటిల్ ఇండియా కొట్లలో అంతా వాడిపోయిన సరుకు."

"నేను సిస్టమ్ పడిందనుకుని పరిగెత్తుకొచ్చాను సర్."

"ఆదివారం సిస్టమ్ ఎక్కడుంటుందిరా పిచ్చోడా? శనివారం సాయంత్రమే ఆపేసి పోతారు క్లయింట్ వాళ్లు. సోమవారం పొద్దున్నే లేపుతారు."

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ అంతేగా."

"మరి ఇన్నాళ్లూ నాకు పేజరెందుకిచ్చారు?"

"కాంట్రాక్టులో ఏడు రోజులూ సపోర్ట్ అని రాసిచ్చాం. ఎవడో ఒకడు పట్టుకోవాలిగా. లేతాకు చూసి తీసుకో."

ఫోన్ పెట్టేశాను. ఎనిమిది నెలలు! స్నానానికి వెళితే సబ్బు పక్కన దాన్ని పెట్టుకున్నాను. హాకర్ సెంటర్‌లో ఫోన్ కనిపించే బల్ల దొరికేదాకా అన్నం పళ్లెం పట్టుకుని తిరిగాను. మోగుతుందని సినిమాకు వెళ్లలేదు, పక్క దీవులకు పడవెక్కలేదు. నిద్రపోతున్న యంత్రానికి కాపలా కాశాను, అది నిద్రపోతోందని అందరికీ తెలుసు. దొంగ అయితే దోచుకున్నది వాడుకుంటాడు. వీళ్లు నా ఆదివారాల్ని తీసుకుని దేనికీ వాడలేదు. నన్ను మండించింది అదే, ఇప్పటికీ మండుతుంది.

పేజర్‌ను కప్పల చెరువులోకి విసరబోయాను. చేయి కూడా ఎత్తాను.

"పారేయకు భయ్," అన్నాడు హైదరాబాదీ. "సార్ నన్నడుగుతడు. పైగా కప్పల పాపమేంది?"

చేయి దించి, బ్యాటరీ ఊడదీసి, పేజర్‌ను బుట్టలో పడేశాను. మళ్లీ సముద్రం వైపు తొక్కాం. కరివేపాకు సంగతి తిట్లతో కలిపి వాడికి చెప్పాను. వాడు మాత్రం కరివేపాకు ఎక్కడైనా ఉందేమోనని అటూ ఇటూ చూస్తూ వచ్చాడు. చూడొద్దని అరిచాను.

రోడ్డు అయిపోయింది. బురద, ఒక చిన్న రేవు, చేపల కంపు. నీళ్లకు అటువైపు మలేసియా బద్ధకంగా పడుకునుంది.

"గింతేనా?" అన్నాడు వాడు. "దీనికోసమా గింత లొల్లి?"

"ఇంతే."

కోపం తగ్గుతుందేమోనని కూర్చున్నాను. కోపం తగ్గలేదు గానీ ఎండ ఎక్కింది.

సోమవారం పేజర్ తీసుకెళ్లి లీడ్ బల్ల మీద పెట్టాను. బ్యాటరీ విడిగా పెట్టాను.

"ఆదివారాలు ఇక నేను మొయ్యను సర్."

"కరివేపాకేదిరా?"

"తేలేదు సర్. తేను కూడా."

ఆయన కుర్చీ వెనక్కి జరిపాడు. ఏదో గట్టిగా అంటాడనుకున్నాను, నేనూ సిద్ధంగా ఉన్నాను, మాటలు కూడా వరసలో పెట్టుకున్నాను. ఆయన పేజర్‌ను సొరుగులోకి తోసి, ఫోనెత్తి ఇంకెవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆదివారాలన్నీ అది ఆ సొరుగులోనే ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ దారిన వెళ్లదలచినవాళ్లు నీళ్లు రెండు సీసాలు పెట్టుకోండి. కూరగాయల కొట్టు దాటాక ఎక్కడా దొరకవు.