తాతయ్య సెల్యూట్

మొన్న కొత్త రెయిన్‌కోటు రబ్బరు వాసన తగలగానే మా తాతయ్య గుర్తొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసే విమానంలో ఆయన వైర్‌లెస్ ఆపరేటర్. విమానం సముద్రంలో పడిపోతే, రబ్బరు పడవలో రెండు రోజులు తేలి బతికాడు.

నా చిన్నతనంలో, తొంభైల్లో, ఆయన ప్రతి ఆదివారం బందరు నుంచి మంగినపూడి సముద్రతీరానికి బస్సెక్కేవాడు. మునిగిన విమానం కోసమే అనుకునేదాన్ని. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకసారి నన్నూ తీసుకెళ్లాడు.

"విమానం ఎప్పుడు తేలుతుంది తాతయ్యా?" ఒడ్డున కూర్చోగానే అడిగాను.

"విమానమెందుకే పిచ్చిదానా! అదిగో, అప్పుడు నన్ను రబ్బరు పడవలోంచి ఒడ్డుకు చేర్చినాయన వస్తున్నాడు."

వల భుజానేసుకుని ఓ ముసలి జాలరి వచ్చాడు. తాతయ్య లేచి నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు.

"ఊరుకోండి బాబుగారూ, వారం వారం ఏంటండీ ఇది!" అంటూ ఆయన సిగ్గుపడిపోయాడు.

ఆటేమో అనుకుని నేనూ సెల్యూట్ కొట్టాను. తనను కాపాడిన మనిషికి, ఇంకా బతికే ఉన్నానని చూపించుకోవడానికే తాతయ్య వెళ్లేవాడని ఇప్పుడనిపిస్తుంది.