తిరగేసిన రీడ్ రేకు

కోవిడ్‌కు రెండేళ్ళ ముందు వేసవిలో నేను ఆక్లండ్ దక్షిణాన ఒక బోట్ల వర్క్‌షాపులో సీనియర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. నా పైన సర్వీస్ మేనేజర్ గ్రాంట్ ఒక్కడే. కాకినాడ ఫిషింగ్ హార్బర్‌లో పదిహేనేళ్ళు ఇంజన్లు విప్పి వచ్చినవాణ్ణి కాబట్టి అతని మాటంటే నాకు పెద్ద లెక్క ఉండేది కాదు.

అక్కడ డిసెంబరంటే వేసవే. ఆ నెలలో దగ్గర్లోని టకానిని నుంచి వెంకట్ తన పడవ తెచ్చాడు. గుంటూరు వాడు, ఇక్కడ చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. పడవకున్నది వెనక బయటివైపు బిగించే పాత టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజన్. నెమ్మదిగా నడిపితే కార్బురేటర్ మూతిలోంచి పెట్రోలు వెనక్కి చిమ్ముతోందన్నాడు.

టూ స్ట్రోక్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరిగే పెట్టె, అంటే క్రాంక్‌కేసు, పంపు పని కూడా చేస్తుంది. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు అది పీల్చుకుంటుంది. అప్పుడు ద్వారం దగ్గరున్న పల్చటి ఉక్కు రేకులు తెరుచుకుని గాలీ, ఆయిల్ కలిపిన పెట్రోలూ లోపలికి వస్తాయి. పిస్టన్ దిగేటప్పుడు ఒత్తిడికి రేకులు మూసుకుంటాయి, మిశ్రమం పక్క దారుల్లోంచి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. ఈ రేకులే రీడ్ వాల్వులు. అవి వంగిపోయి సరిగా అతుక్కోకపోతే లోపలికి పోవలసింది బయటికి వస్తుంది. వెంకట్ ఇంజన్‌లో జరిగింది అదే.

గ్రాంట్ కొత్త రేకులు తెప్పించమన్నాడు. మూడు వారాలు పడుతుందనగానే వెంకట్ ముఖం చిన్నబోయింది.

"ఈ శనివారం సిరికి ఆఫ్ అంకుల్. బోట్ కొన్నకాడ్నుంచీ తిడతానే ఉంది. ఒక్కసారి తీసుకెళ్తే సెట్ అయిపోద్ది," అన్నాడు. సిరి అతని భార్య.

కాకినాడలో స్పేర్లు దొరకనప్పుడు వంగిన రేకును తిరగేసి బిగించేవాళ్ళం. ఏళ్ళ తరబడి ఒకవైపు వంగిన ఉక్కును తిరగేస్తే త్వరగా చిట్లుతుందనీ, అలా చేయొద్దనీ మాన్యువల్‌లో ఉంది. నేను చదివాను కూడా. అయినా తిరగేశాను. గ్రాంట్‌కు చెప్పలేదు. జాబ్ కార్డు మీద 'రీడ్లు సరిచేశాను' అని మాత్రం రాశాను. నీళ్ళ తొట్టిలో పెట్టి నడిపితే ఇంజన్ చక్కగా పలికింది. మనవాడికి మేలు చేశానని తెగ పొంగిపోయాను.

శనివారం మధ్యాహ్నం మనుకావు హార్బర్ మధ్యలో ఇంజన్ పట్టేసింది. ఆటు వేళ కావడంతో నీరు పడవను సముద్రం వైపు లాక్కుపోయింది. వేరే పడవ వాళ్ళు చూసి తాడు వేసి ఒడ్డుకు చేర్చేదాకా సిరి ఏడుస్తూనే ఉందట.

సోమవారం విప్పి చూశాను. ఒక రేకు మూల విరిగిపోయింది. ఆ ముక్క క్రాంక్‌కేసులో పడి, మిశ్రమంతో పాటు పైకెక్కి పిస్టన్‌ను గీరేసింది. ఆ ముక్క పక్క దారిలో దొరికింది. తీసి జేబులో వేసుకున్నాను.

అంతలో వెంకట్ వచ్చి పక్కన నిలబడ్డాడు. "తప్పు నాదేనేమో అంకుల్. ఆయిల్ తక్కువ కలిపినట్టున్నా. సిరి కూడా అదే అంటంది," అన్నాడు.

ఆయిల్ తక్కువైనా పిస్టన్ అలాగే గీరుకుపోతుంది. ఆ సంగతి నాకు బాగా కలిసొచ్చింది. "అయ్యుండొచ్చు," అన్నాను. గ్రాంట్‌కూ అదే చెప్పాను. వెంకట్ నాకు థాంక్స్ చెప్పి వెళ్ళాడు. తర్వాత పడవ అమ్మేశాడు.

నేను రిటైరయ్యాక, నిరుడు ఆక్లండ్‌లోనే మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక గృహప్రవేశంలో వాళ్ళిద్దరూ కనిపించారు. భోజనాల దగ్గర ఎవరో వెంకట్‌ను చేపలు పట్టడానికి పిలిచారు. "ఈయన్నా? ఈయనకి ఆయిల్ కలపడమే రాదు," అంది సిరి. అందరూ నవ్వారు. వెంకటూ నవ్వాడు. నేనూ నవ్వాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేను.

రేకు తిరగేయకూడదన్నది మాన్యువల్‌లోనే ఉంది. నేను ఆలస్యంగా తెలుసుకున్నది వేరు. కస్టమర్ తప్పు తనదని అన్నప్పుడు, కాదని తెలిసిన మెకానిక్ అక్కడే కాదనాలి. లేకపోతే ఆ తప్పు అతనితో పాటు ఇంటికి పోతుంది. విప్పిన రోజే చూశాను, క్రాంక్‌కేసు లోపల ఆయిల్ తడి ఉండవలసినంత ఉంది. వెంకట్ సరిగ్గానే కలిపాడు.