కొండ తినని కొత్త మామిడి

దోర్నపాల్ దగ్గరి ఒక ఊళ్లో అంగన్‌వాడీ నడిపే బుల్లమ్మను పిల్లలు ఏ కథ అడిగినా కాదనదు. ఒక్క కొండ కథ తప్ప. కొంగు పట్టుకుని లాగినా నోరు విప్పదు. మూతి ముడుచుకుని కాదు పాపం, అదొక పెద్ద గోడు.

చాలా ఏళ్ల కిందట ఆమె జగదల్‌పూర్‌లో బి.ఎ. చదువుతోంది. ఊరి కొండ మీద ఇనుపరాయి తవ్వకం మొదలైన ఏడాది అది. ఊరి పెద్దల నోట విన్న కథ ఒకటి రాసి తెమ్మని కాలేజీ సారు అసైన్‌మెంట్ ఇచ్చాడు. బుల్లమ్మ చక్కగా ప్లాన్ వేసుకుంది. ముందు ఊరి సంగతి, తర్వాత పండుగలు, చివర కొండ కథ. మొదటి రెండూ కాలేజీలో నడిచే హిందీలో గబగబా రాసేసింది. కొండ కథ మొత్తం తెలిసింది మాత్రం ఆమె అవ్వ తాయారమ్మ ఒక్కతెకే.

ఏటా కొండదేవుడికి కొత్త మామిడికాయ పెట్టనిదే ఆ ఊళ్లో ఎవరూ కాయ కొరకరు, ఆ కథా చెప్పరు. ఆ ఏడు తవ్వకంవాళ్లు కొండ చుట్టూ కంచె వేశారు. కాయలు పట్టుకెళ్లినవాళ్లను కాపలావాళ్లు తిప్పి పంపారు. మంచాన పడ్డ అవ్వకు ఆ మాట చెప్పడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పలేదు.

"అవ్వా, గడువు అయిపోతాంది. జెర చెప్పవే."

"కొండ తిన్నదా?"

"ఇంకా లేదు."

"మరి నాకు నోరెట్ల లేస్తదే, పిచ్చిదానా?"

అసైన్‌మెంట్ ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది బుల్లమ్మే మొదలు. ఏం చేస్తుంది? ఒక కాయకు పసుపు రాసి, ముక్కలు కోసి తెచ్చింది.

"అవ్వా, కొండ తిన్నది. ఇగో, నీ వంతు."

అవ్వ మొహం విప్పారింది. బోసినోటితో ముక్క చప్పరించి, పులుపుకు కళ్లు మూసుకుని, పాట కట్టినట్టు కథంతా చెప్పింది. బుల్లమ్మ వేళ్లు లాగేదాకా రాసింది. అంత సంతోషం ఆ ఇంట్లో మళ్లీ కనబడలేదు.

మర్నాడు అవ్వను చూడటానికి పొరుగింటి సుక్రాం వచ్చాడు. కొండ పండుగ ఎట్లయిందని అవ్వ అడిగింది. "ఏం పండుగ పెద్దమ్మా! కంచె దాటనియ్యలేదు గదా" అనేశాడు.

అవ్వ మనవరాలి వైపు తిరిగింది. నాలుగు తిట్టినా బాగుండేది.

"కొండకంటే ముందు నాతోని తినిపిస్తివా బిడ్డా? చెప్పింది ఎనక్కి తీసుకోలేను. రాసింది పొయ్యిల పెట్టు. కొండ తిన్నంక నువ్వే చెప్పు అందరికి."

బుల్లమ్మ ఏడుస్తూనే ఆ కాగితాలు పొయ్యిలో పెట్టింది. మిగిలిన రెండు భాగాలే పట్టుకెళ్తే సారు తీసుకోలేదు. ఆ ఏడూ పోయింది, చదువూ పోయింది. అవ్వ మాత్రం నోట్లో పులుపు పోవడంలేదంటూ పుక్కిలించడానికి నీళ్లు అడుగుతూనే ఉండేది. మామిడి మళ్లీ పూతకు రాకముందే కన్నుమూసింది.

ఇప్పటికీ బుల్లమ్మ మామిడికాయ కొరకదు. కథ అక్షరం పొల్లుపోకుండా ఆమె నోట్లోనే ఉంది. ఏటా మొదటి కాయ తీసుకుని కంచె దాకా వెళ్లి తిరిగొస్తుంది.

"కొండ తిన్నంక చెప్తా బిడ్డా" అంది మొన్న పిల్లలతో.

"ఏ కొండ దీదీ?" అంది వాళ్లలో చిన్నపిల్ల.

బుల్లమ్మ కిటికీలోంచి చూపించబోయింది. అవతల కొండ ఉండిన చోట తవ్విన గొయ్యి తప్ప ఏమీ లేదు. చెయ్యి దించుకుంది.