దమ్ము గుర్రం తొందరపడిన ఏడు

చలికాలమంతా హత్సుయెకు ఇంటి కప్పు మీది మంచు తోడిపోయడంతోనే సరిపోతుంది. వసంతం వస్తే కొండకేసి చూడటం ఆమె పని. ఎదురు కొండ మీద మంచు కరిగేకొద్దీ కింది నల్లరాయి బయటపడి తల, వీపు, తోకతో గుర్రంలా కనిపిస్తుంది. ఊళ్లో దాన్ని దమ్ము గుర్రం అంటారు. అది పూర్తిగా తేలితే దమ్ము చేసి నాట్లు వేస్తారు. హత్సుయె వసారాలోంచి అది బాగా కనిపిస్తుంది గనుక, "గుర్రం వచ్చింది" అని చెప్పే పని చనిపోయిన అత్తగారి నుంచి ఆమెకు వచ్చింది. కొండ మనిషితో మాట్లాడుతుందని పట్నం నుంచి వచ్చినవాళ్లు మురిసిపోతుంటారు. కొండ మాట్లాడదు. మంచు కరుగుతుంది, అంతే.

కిందటేడు ఆమె మాట మీద ఊరంతా నాట్లు వేసింది. వెంటనే ఒక రాత్రి గడ్డకట్టే చలి వచ్చి సగం పైరు మాడిపోయింది. ఆమెను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ ఏడు మంచు తక్కువ. చెర్రీ పూలు రాలకముందే గుర్రం తోకతో సహా నిలబడింది. కాలవ పూడిక తీయడానికి అందరూ చేరినప్పుడు, పక్క పొలం మొకిచి పార ఆనించి నిలబడ్డాడు.

"ఏం వదినా, గుర్రం వచ్చి మేస్తోంది. నీ నోరు పెగలదేం?"

"వచ్చిందిలే. నాటమని మాత్రం నేను చెప్పను."

"మరెందుకు ఆ వసారాలో కూచోవడం?"

"టీ తాగడానికి. మంచు తక్కువైతే అది ముందే తేలుతుంది మొకిచీ. రాయికి చలి సంగతేం తెలుసు? పోయినేడే నాకీ బుద్ధి ఉండాల్సింది. మే సగం దాటేదాకా ఆగండి."

"మీ అత్తగారు వింటే లేచొస్తుంది!"

"రానీ. పూడిక తీయడానికి మనుషులు చాల్లేదు."

అందరూ నవ్వారు. నవ్వినవాళ్లంతా నమ్మలేదు. కొందరు ఆగారు, మొకిచి నాటేశాడు. ఎండలు హాయిగా కాశాయి. ప్లాస్టిక్ పందిట్లో హత్సుయె నారు ట్రేలలో ముదిరి కొసలు పసుపెక్కుతోంది. చలి రాకపోతే ఇక ఆమె మాట ఎవరూ అడగరు. చలి రావాలని తానే కోరుకుంటున్నట్టు తెలిసి ఓ పూట ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

ఓ ఉదయం గుమ్మం దిగితే, రాత్రి చలికి గడ్డకట్టిన గడ్డి కాలి కింద కరకరలాడింది.

మధ్యాహ్నానికి మొకిచి మాడిన తన పైరు చూసుకుని, టోపీ చేతబట్టుకుని వచ్చాడు.

"వదినా..."

"బండి తెచ్చావా? ఆ చివరి వరస నారు నీదే. నువ్వు ఆగవని విత్తనం పోసేటప్పుడే అనుకున్నా."

"నన్నంత తక్కువగా లెక్కేశావా?"

"ఎక్కువే వేశాను. అందుకే అన్ని ట్రేలు."

నాట్లు మొదలయ్యేసరికి మంచు ఇంకా కరిగి గుర్రం ఆకారమే చెదిరిపోయింది. ఆగినవాళ్లు వచ్చే ఏడు ఎప్పుడు నాటాలని అప్పుడే హత్సుయెను అడుగుతున్నారు. మోకాలి లోతు బురదలోంచి మొకిచి అరిచాడు.

"గుర్రం పారిపోయింది వదినా! ఇప్పుడు దేన్ని చూసి నాటాలి?"

"కిందికి చూసి నాటు. నీ వరస వంకర పోతోంది."