పెద్దత్త నాలుక, అమ్మ ముత్యాలు

ఊరుతున్న నిమ్మకాయల వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కర్నూలులో మేముండే అపార్ట్‌మెంట్‌లో ఎదురింటావిడ జాడీ మూత తీసిందంటే చాలు, మా పెద్దత్త కళ్ళముందుకు వచ్చి నిలబడుతుంది. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

మాది పత్తికొండ, నాన్నకు బజారులో గుడ్డలంగడి. మా వీధిలో ఉప్పునీళ్ళ బావి ఒకటి, మంచినీళ్ళ బావి ఒకటి ఉండేవి. ఎండలు ముదిరి, మంచినీళ్ళ బావి అడుగంటి, ఆడవాళ్ళు బిందెల కోసం జుట్లు పట్టుకునే రోజుల్లో, బండివాడు తెచ్చిన నీళ్ళు ఏ బావివో తేల్చడానికి నాన్న అక్కను, అంటే మా ఇంట్లోనే ఉండే పెద్దత్తను పిలిచేవాళ్ళు. ఆమె వేలు ముంచి, నాలుకకు రాసుకుని, కళ్ళు మూసుకుని తీర్పు చెప్పేది. నీళ్ళ విషయంలో ఆ నాలుక తప్పేది కాదు, అది ఒప్పుకోవాలి. ఆ పొగరే ముత్యాల దాకా పాకింది.

శ్రావణ శుక్రవారాలంటే మా ఇంట్లో పొద్దున్నే శనగపప్పు ఉడికే వాసన, రోట్లో పూర్ణం రుబ్బే చప్పుడు, పెనం మీద నేతిలో కాలుతున్న భక్ష్యాలు, పెట్టెల్లోంచి తీసిన పట్టుచీరల మీద కలరా ఉండల ఘాటు, పేరంటాళ్ళ కాళ్ళకు పూసిన పసుపు అంటుకుని రెండు రోజులదాకా వదలని గచ్చు. అమ్మ ఏడాదికొకసారి, ఆ శుక్రవారాల్లో ఒక్కరోజే ముత్యాల దండ వేసుకునేది. ప్రొద్దుటూరులో చిన్న బియ్యపంగడి నడిపే మా తాత, అమ్మ పెళ్ళికి హైదరాబాదు దాకా పోయి తెచ్చిన దండ అది. సముద్రపు ముత్యాలని చెప్పి ఇచ్చాడట.

నాకు పదేళ్ళున్నప్పుడు, నిండు పేరంటంలో, పెద్దత్త అమ్మ మెడలోని దండను పట్టి లాగి ఒక ముత్యాన్ని నాలుక మీద పెట్టుకుంది.

"ఉప్పు యాడుండాదే దీంట్లో? ఇవి సముద్రానివి కాదు, ఏటి ముత్యాలు. మీ నాయన మమ్మల్ని శానా బాగా మోసం చేసినాడే!"

తర్వాత తన మెడలోని ముత్యాల దండ తీసి పేరంటాళ్ళకు రుచి చూపించింది. నలుగురు నాకి చూసి తలలూపారు. ఏడాది పొడుగునా ఆమె మెడలో చెమట తాగిన ముత్యాలు ఉప్పగా ఉండక ఇంకెలా ఉంటాయి? ఆ గదిలో సముద్రాన్ని చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. వసారాలో ఉన్న నాన్న అంతా విని, పేపరు మడిచి అంగడికి పోయాడు. అది కూడా నేను క్షమించలేదు.

ఆ ఆదివారం తాత వచ్చాడు. "ఏమప్పా, ఈసారి ఏ ఏట్లో మునిగి ఏం తెచ్చినావు?" అని పెద్దత్త గుమ్మంలోనే అడిగింది. తాత అరటిపళ్ళ సంచి కింద పెట్టి, మంచినీళ్ళు కూడా తాగకుండా వెనక్కి తిరిగాడు.

తాత మళ్ళీ రావాలంటే ఆ ముత్యాలు ఉప్పగా ఉండాలి. నాకు తెలిసింది అంతే. ఉత్త ఉప్పునీళ్ళయితే కడిగితే పోతుంది. నిమ్మకాయ ఊటయితే మందమైన తొక్కలోకి కూడా దిగుతుంది. కారం, పసుపు ఇంకా కలపని ఊరగాయ జాడీలో, కాయల అడుగుకు దండను తోసి, మూడు రోజులయ్యాక తీసి కడిగి పెట్టెలో పెట్టేశాను.

తర్వాతి శుక్రవారం అమ్మను బతిమాలి పెట్టెలోంచి దండ తీయించాను. అమ్మ దాన్ని చూసింది, వాసన చూసింది, నన్ను చూసింది. మెడలో వేసుకుంది.

పెద్దత్త మళ్ళీ నాలుక చాపింది. "ఉప్పుండాది," అంది ముఖం చిట్లించి. ఇక తాత వస్తాడనుకున్నాను. అంతలోనే దండను వెలుతురుకు ఎత్తి పట్టింది. "ఉప్పయితే ఉండాది గాని మెరుపు యాడుండాది? సున్నపు ఉండల మాదిరి ఉండాయి. ఇవి ముత్యాలే కాదు పో!"

అందరూ నవ్వారు. నిమ్మ పులుపు ముత్యాల మెరుపును తినేస్తుందని నాకప్పుడు తెలియదు. తాత బతికినన్నాళ్ళూ మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు ఆ బావులు లేవు, పూడ్చేసి గదులు కట్టారు. ఇంటింటికీ క్యాన్ నీళ్ళే, అన్నీ ఒకే రుచి. నీళ్ళను నాలుకతో పోల్చి చెప్పేవాళ్ళు పోయారు, పీడ విరగడైంది. ముత్యాల సంగతి ఇంట్లోనే తేల్చుకోవచ్చని ఫోన్లు చెబుతున్నాయి. పంటికి రాస్తే గరుకుగా తగిలేది అసలు ముత్యం, అయితే ఏటిదీ గరుకే, సముద్రానిదీ గరుకే. తేడా చూడాల్సింది దారం దూర్చే బెజ్జంలో. సముద్రంలో పెంచిన ముత్యానికి పెంచేటప్పుడు లోపల పెట్టిన గుండు, దాని చుట్టూ సన్నని గీత కనిపిస్తాయి. ఏటి ముత్యం చాలావరకు లోపలిదాకా ఒకటే పదార్థం.

పోయిన వారం అమ్మ దండ దారం పుటుక్కున తెగింది. భూతద్దం పెట్టి ఒక్కొక్క బెజ్జమే చూశాను. అన్నిట్లోనూ గీత ఉంది. గోరుచిక్కుళ్ళు తుంచుతున్న అమ్మ దగ్గరికి పరుగెత్తాను.

"అమ్మా, ఇవి సముద్రానివే! తాత అబద్ధం చెప్పలేదు!"

అమ్మ తలెత్తలేదు. "మా నాయన చెప్పినాడు గదా. మళ్ళీ చూసేదేముండాది?"

నా దోసిట్లోని ముత్యాలను తన కొంగులోకి ఒంపుకుంది.

"మీ అత్త నాలికతో చూసింది, నువ్వు భూతద్దంతో చూసినావు. ఊరికే నమ్మింది నేనొక్కదాన్నే."